ఇంజెక్షన్ త్రిమూర్తులు

రాజమండ్రిలో లాలాచెరువు దాటాక హైవే పక్కన రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో నాలుగోది త్రిమూర్తులుది. బోర్డు మీద 'శ్రీ వీరభద్ర ఆటో వర్క్స్' అని రాసి ఉన్నా, ఆ పేరు చెప్పి అడిగితే పక్క షెడ్డువాడు కూడా తెలీదనేవాడు. ఇంజెక్షన్ త్రిమూర్తులు అనాలి. ఒకసారి మోకాళ్ళ నొప్పులతో బాధపడే ముసలావిడ ఎవరో ఆ పేరు విని, డాక్టరు కాబోలనుకుని ఆటో కట్టించుకుని మరీ వచ్చింది. అతను ఆవిడకి స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, అసలు సంగతి చెప్పి అదే ఆటోలో పంపించాడు. ఆ కథ షెడ్లలో పదేళ్ళు నడిచింది.

అతను పుట్టింది ఊబలంకలో. తండ్రి రావులపాలెం మార్కెట్టులో అరటి గెలలు మోసేవాడు. పదో తరగతి తప్పాక త్రిమూర్తులు గెలల జోలికి పోకుండా, ఆ గెలల్ని తీసుకెళ్ళే లారీలు బాగుచేసే షెడ్డులో చేరాడు. ఇరవై రెండేళ్ళకి రాజమండ్రి వచ్చేశాడు. అప్పట్లో ఏ కారు బానెట్ ఎత్తినా లోపల కార్బురేటరే కనిపించేది. ఆ తరవాత పెట్రోలుని సూదితో చిమ్మినట్టు చిమ్మే ఇంజెక్షన్ బళ్ళు ఒక్కొక్కటీ రావడం మొదలయ్యేసరికి పాత మెకానిక్కులు బెదిరిపోయారు. త్రిమూర్తులు మాత్రం చెన్నై వెళ్ళి, భాష రాకపోయినా, పాత విదేశీ కార్లు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర నలభై ఐదు రోజులు కింద కూర్చుని నేర్చుకుని వచ్చాడు. తిరిగొచ్చాక ఆ పేరు పడింది.

అతని గొప్పంతా ముక్కులో ఉందని చెప్పుకునేవారు. స్టార్ట్ చేసిన బండి వెనక్కి వెళ్ళి, సైలెన్సరు దగ్గర వంగి ఒక్కసారి గాలి పీల్చేవాడు. "పెట్రోలు ఎక్కువ తాగేస్తోందండి" అనో, "ఒక సిలిండరు కాలట్లేదండి, పచ్చి పెట్రోలు వస్తోంది" అనో చెప్పేవాడు. తరవాత విప్పి చూస్తే అదే అయ్యేది. బానెట్ ఎత్తి మొహం లోపలికి పెట్టాడంటే, ఎక్కడ పైపు చెమ్మగిల్లిందో చూడకుండానే పట్టుకునేవాడు.

షెడ్డు ముందు సగంలో చిట్టియ్య ఉండేవాడు. ధవళేశ్వరం మనిషి, ఆటో ఎలక్ట్రీషియన్. అద్దెకి దిగిన మూడేళ్ళకి త్రిమూర్తులు తన చెల్లెలు పాపాయినిచ్చి అతనికి పెళ్ళి చేశాడు. "పెట్రోలు మా బావది, కరెంటు నాది" అనేవాడు చిట్టియ్య వచ్చినవాళ్ళతో. సన్నటి వేళ్ళు అతనివి. వెంట్రుకంత తీగని కూడా చూడకుండా మెలిపెట్టి అతికించేవాడు. ఇరవై నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే కప్పు కింద పనిచేశారు. ఒకరి పనిలో ఒకరు ఏనాడూ వేలు పెట్టలేదు, ఒకరి మాట ఒకరు ఏనాడూ సరిచూసుకోలేదు.

రెండో కరోనా అప్పుడు త్రిమూర్తులుకి జ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచాన పడ్డాడు. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. నెలకి వస్తుందన్నారు, ఆర్నెల్లకి వస్తుందన్నారు. అతను పొద్దున్నే లేచి షెడ్డులోకి వెళ్ళి, పెట్రోలులో ముంచిన గుడ్డ ముక్కుకి ఆనించుకుని చూసుకునేవాడు. కళ్ళు మండేవి. అంతే.

ఇంట్లో తెలిసింది భార్య వీరవేణికి ఒక్కదానికే. ఓ రోజు ఆవిడ గుడి నుంచి వచ్చేసరికి వంటగదిలో గ్యాస్ పొయ్యి నాబ్ కాస్త తిరిగి ఉంది, ఇల్లంతా గ్యాసు. అతను ఆ వంటగది గడపలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ తలుపులన్నీ బార్లా తీసి, బయట అరుగు మీద కూలబడి ఏడ్చింది.

"కనీసం చిట్టియ్య అన్నయ్యకైనా చెప్పండి. పక్కనే ఉండే మనిషి."

"మెకానిక్కి ముక్కు పోయిందంటే ఇంక ఎవడొస్తాడే షెడ్డుకి? నా జాగ్రత్తలో నేనుంటాను కదా."

జాగ్రత్తలోనే ఉన్నాడు. పైపులు బిగించిన చోటల్లా న్యూస్ పేపరు ముక్క ఆనించి తడి మరక పడుతుందేమో చూసేవాడు. ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాడు చిట్టియ్య. సైలెన్సరు దగ్గర వంగడం మాత్రం త్రిమూర్తులు మానలేదు. వంగి, పీల్చినట్టు నటించి, తరవాత ప్లగ్గులు విప్పి రంగు చూసి తెలుసుకున్నదాన్ని ముక్కుతో తెలుసుకున్నట్టు చెప్పేవాడు. నాలుగేళ్ళు అలా నడిచిపోయింది.

మొన్న ఆషాఢంలో ఆ కారు వచ్చింది. మండపేట దగ్గర వరి పొలాలున్న ఉదయభాస్కర్ గారిది. ఆయన తండ్రి ఎప్పుడో మద్రాసులో కొన్న జర్మనీ కారు, నలభై ఏళ్ళ నాటిది. ధాన్యం కొట్టులో పన్నెండేళ్ళు పడి ఉన్నదాన్ని ఆయన బయటికి లాగించి, కడిగించి, బ్యాటరీ మార్పించి, ట్యాంకు నిండా కొత్త పెట్రోలు పోయించారు. బండి స్టార్టయింది కానీ సవ్యంగా నడవలేదు. ఇద్దరు మెకానిక్కులు ప్లగ్గులు మార్చి చేతులెత్తేశాక, బండిని ట్రక్కు మీద ఎక్కించి ఇక్కడికి తెచ్చారు.

"స్లోలో నిలబడట్లేదండి. దడదడా కొట్టుకుంటోంది. రేజ్ చేస్తే మాత్రం బాగానే పోతోంది. ఏంటంటారు?"

"ఆయ్, చూద్దామండి. కంగారు పడకండి" అన్నాడు త్రిమూర్తులు. అలాంటి బండిని చెన్నై ముసలాయన దగ్గర చూడటమే, మళ్ళీ చూడలేదు. దీనికి కంప్యూటరు లేదు. గాలి ఎంత లోపలికి పోతే అంత పెట్రోలుని కొలిచి నాలుగు ఇంజెక్టర్లకి పంచే ఇనుప దిమ్మ ఒకటి ఉంటుంది. ఎక్కడ తేడా వచ్చినా మనిషే కనిపెట్టాలి. దాన్ని చూస్తే అతనికి వయసు తగ్గినట్టయింది.

మొదటి రోజంతా గాలి దారులు వెతికాడు. రబ్బరు గొట్టాలు ఎండి బీటలువారితే దొంగగాలి లోపలికి పోయి స్లోలో ఇంజను తడబడుతుంది. నడుస్తున్న ఇంజను మీద సబ్బునీళ్ళు ఒక్కొక్క గొట్టం మీదా చిమ్ముతూ, ఎక్కడ శబ్దం మారుతుందో విన్నాడు. వెనకవైపు బొటనవేలంత గొట్టం దగ్గర ఇంజను ఒక్కసారి సర్దుకుని మళ్ళీ తడబడింది. ఆ గొట్టం మార్చేశాడు. సగం దడ తగ్గింది.

రెండో రోజు నాలుగు ఇంజెక్టర్లనీ వాటి గూళ్ళలోంచి బయటికి లాగి, నాలుగు సీసాల్లో మూతులు పెట్టి, పంపు ఆన్ చేయించి, లోపలికి పోయే గాలిని కొలిచే పలకని వేలితో ఎత్తాడు. మూడు సీసాల్లో పెట్రోలు మంచుపొగలా విచ్చుకుంది. మూడో సిలిండరుది మాత్రం ధారగా కారింది. దాన్ని విప్పి, ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి మళ్ళీ పెడితే అదీ విచ్చుకుంది. ఉదయభాస్కర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని పిల్లాడిలా చూస్తూ కూర్చున్నారు.

విప్పిన ప్రతి జాయింటుకీ పేపరు ముక్క ఆనించాడు త్రిమూర్తులు. అన్నీ పొడిగానే ఉన్నాయి. ఫిల్టరు దగ్గర్నుంచి ఇంజను మీదికి పెట్రోలు తెచ్చే జానెడు రబ్బరు పైపు కాస్త ఉబ్బినట్టు కనిపించింది. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కి పాత రబ్బరు అలా ఉబ్బుతుందని అతనికి తెలుసు. మార్చాలనుకున్నాడు కూడా. ఆ సైజు పైపు చెన్నై నుంచి రావాలి. దాన్ని తను విప్పలేదు గనక దానికి పేపరు ఆనించలేదు. అడుగు భాగం చేతికి అందేది కాదు. కింద వేడి తగలకుండా పరిచిన దట్టమైన దుప్పటి ముక్క లాంటిది ఒకటుంది. పైపు అడుగున పడిన చీలికలోంచి, పంపు నడిచినప్పుడల్లా ఊరిన పెట్రోలంతా అది పీల్చుకుంటూ ఉంది. పైన చూస్తే చుక్క లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఇంజను స్టార్ట్ చేశాడు. నిలబడింది. కానీ పది పదిహేను సెకన్లకి ఒకసారి ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక దెబ్బ తప్పుతోంది.

"ఇంక ఇది నీ వంతు" అన్నాడు త్రిమూర్తులు.

చిట్టియ్య తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. వానల్లో తడిసి మూడు రోజులుగా జలుబు. ఇంజను మీదకి వంగి కాసేపు విన్నాడు. "స్పార్కు ఎక్కడో లీకవుతోంది బావా. ఒక్కో వైరూ పీకి చూస్తే తెలిసిపోద్ది." వైరు పట్టుకోబోయి ఆగాడు. "నాకు ముక్కు దిబ్బడేసేసింది. పెట్రోలు వాసనేమైనా వస్తోందా?"

త్రిమూర్తులు అలవాటుగా వంగి గాలి పీల్చాడు.

"లేదులే, కానియ్యి" అన్నాడు.

చిట్టియ్య మూడో ప్లగ్గు వైరు పీకాడు. నీలం రంగు స్పార్కు చిటుక్కున ఇనుము మీదికి దూకింది. ఆ తరవాత జరిగింది త్రిమూర్తులు చూశాడంటే చూశాడు, లేదంటే లేదు. బానెట్ కింద ఉన్న గాలంతా ఒక్కసారి పసుపు రంగైపోయి బయటికొచ్చింది. చిట్టియ్య వెనక్కి పడలేదు. చేతులు రెండూ ముందుకి చాపి అలాగే నిలబడ్డాడు, అవి తనవి కానట్టు. త్రిమూర్తులు అతన్ని నడుం పట్టుకుని ఈడ్చి, బక్కెట్టెడు ఇసక మంట మీద పోసి, తన చొక్కా విప్పి చేతులకి చుట్టాడు. ఉదయభాస్కర్ గారు తను వచ్చిన కారు తీసి, ఇద్దర్నీ ఎక్కించుకుని ఆసుపత్రికి తోలారు. దారిలో చిట్టియ్య ఒక్కటే అన్నాడు: "పాపాయికి నువ్వు చెప్పకు బావా. నేను చెప్తాను."

మొహం మీద కాలింది పైపైనే. మెడ ఒక పక్క బాగా కమిలింది. చేతులు మాత్రం మణికట్టు దాకా కాలిపోయాయి. ప్రాణానికి భయం లేదనీ, వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరు అన్నారు.

మూడో రోజు పరామర్శకి వచ్చిన ఉదయభాస్కర్ గారు వరండాలో త్రిమూర్తులు పక్కన కూర్చున్నారు. "మీ తప్పేం లేదండి, ఈ కొత్త పెట్రోలు పాత రబ్బర్లని తినేస్తోందట. నేనే తెలుసుకోవాల్సింది" అన్నారు. "అయినా చూడండి, ఆ రోజు మధ్యాహ్నం నుంచీ నాకు పెట్రోలు వాసన గుప్పుగుప్పున కొడుతూనే ఉందండి. మెకానిక్ షెడ్డు కదా, మామూలేననుకుని ఊరుకున్నాను. అనాల్సింది" అన్నారు.

ఆయన వెళ్ళొస్తానన్నా త్రిమూర్తులు లేవలేదు.

ఎవరు వచ్చినా అతనికో సాకు ఇచ్చి వెళ్ళేవారు. పెట్రోలు మంచిది కాదన్నారు, కారు పాతదన్నారు, శని దశ అన్నారు. అన్నిటికన్నా పెద్దది చిట్టియ్యే ఇచ్చాడు. "ఇంజను నడుస్తుండగా వైరు పీకడం నాదే పొరపాటు బావా. ఆపి చూడాల్సింది" అన్నాడు కట్లు కట్టిన చేతులు పొట్ట మీద పెట్టుకుని. త్రిమూర్తులు ఆ మాట విని, మంచం పక్కనున్న మంచినీళ్ళ సీసా తీసుకుని నింపుకొచ్చే మిష మీద బయటికెళ్ళిపోయాడు.

షెడ్డులో కాలిన కారు అలాగే ఉంది. ఒక పూట వెళ్ళి ఎక్కిళ్ళకి కారణమేంటో వెతికాడు. ప్లగ్గు వైర్లు కరిగి ముద్దయ్యాయి, స్పార్కు పంచే క్యాపు సగం కారిపోయింది. దాని మీదున్న పగులు ముందునుంచీ ఉందో, మంటకి వచ్చిందో చెప్పడానికి లేదు. ఆ లోపం ఏమిటో ఎప్పటికీ తెలియలేదు. వారానికి ఉదయభాస్కర్ గారి మనుషులు వచ్చి కారుని ట్రక్కెక్కించుకుపోయారు.

ఇరవయ్యో రోజుకి చిట్టియ్యని ఇంటికి పంపారు. ఇంటికొచ్చిన మర్నాడు త్రిమూర్తులు ధవళేశ్వరం బయల్దేరుతుంటే వీరవేణి గుమ్మం దాకా వచ్చింది.

"ఈవేళైనా చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

వెళ్ళేసరికి పాపాయి మొగుడికి అన్నం కలిపి తినిపిస్తోంది. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. "రా అన్నయ్యా, కూర్చో. నీకూ పెడతాను" అంది.

అతను కూర్చోలేదు. గోడకి ఆనుకుని చెప్పేశాడు. కరోనా దగ్గర్నుంచి మొదలుపెట్టి, గ్యాసు పొయ్యి సంగతి, పేపరు ముక్కల సంగతి, ఆ రోజు గాలి పీల్చినట్టు నటించిన సంగతి, ఏదీ దాచలేదు. చెప్తున్నంతసేపూ చిట్టియ్య నోట్లో ముద్ద అలాగే ఉంది.

"నాలుగేళ్ళా?" అన్నాడు చివరికి.

"నాలుగేళ్ళు."

"నేనడిగాను కదా బావా." గొంతు పెద్దది చేయలేదు. "వైరు పట్టుకునే ముందు ఆగి మరీ అడిగాను. ఏమో తెలీదు అన్నా చాలు కదా. ఆ కారు పెద్దమనిషితో ఒక్కసారి వాసన చూడండీ అనేవాణ్ణి."

త్రిమూర్తులు గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశాడు.

"ఇన్నాళ్ళూ నా పొరపాటేననుకుని..." అని చిట్టియ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయి, ఎత్తలేక దించేశాడు.

పాపాయి లేచి, చెయ్యి కడుక్కుని, పైట చెంగుతో మొగుడి కళ్ళు తుడిచింది. అన్న వైపు చూడకుండానే, "నువ్వింక వెళ్ళన్నయ్యా" అంది.

ఆ తరవాత నాలుగు నెలలు ఆ ఇంటి నుంచి పిలుపు లేదు. వీరవేణి ఒక్కత్తే వెళ్ళొచ్చేది. ఆవిడని పాపాయి రానిచ్చేది కానీ, వదినకి ముందే తెలిసుండీ చెప్పలేదన్నది ఒకటి మధ్యలో ఉండిపోయింది. ఆవిడ తెచ్చే కబుర్లు కొంచెం కొంచెంగా ఉండేవి. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు. టీవీ రిమోటు నొక్కుతున్నాడు. కుడిచేతికి ఇంకో ఆపరేషన్ కావాలట.

త్రిమూర్తులు షెడ్డు తీసేవాడు. వచ్చినవాళ్ళతో బండి చూడకముందే, "నాకు వాసన తెలీదండి, నాలుగేళ్ళయింది. పెట్రోలు పని చెయ్యను. బ్రేకులు, క్లచ్చులు అయితే చూస్తాను" అనేవాడు. కొందరు జాలిగా చూసి పక్క షెడ్డుకి పోయేవారు. పాత ఖాతాదారులు కొందరు నవ్వులాటకంటున్నాడనుకునేవారు. చిట్టియ్య గురించి తెలిసినవాళ్ళు నవ్వేవారు కాదు. అన్ని షెడ్లకీ తనే వెళ్ళి, చిట్టియ్య తప్పేమీ లేదనీ, అతను అడిగితే తను అబద్ధం చెప్పాననీ ఒక్కొక్కరికీ చెప్పాడు. అంత అవసరం ఏముందని ఒకరిద్దరు అన్నారు. వాళ్ళకీ మళ్ళీ అదే చెప్పాడు.

దీపావళి వెళ్ళాక ఒక పొద్దున్న చిట్టియ్య ఆటోలో దిగాడు. మెడ దగ్గర చర్మం లాగినట్టు ఉంది. తన పెట్టె కోసం వచ్చానన్నాడు. షెడ్డు ముందు సగంలో అతని బల్ల, టెస్టింగ్ లైటు, తీగల చుట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి, దుమ్ము కూడా పట్టలేదు. పెట్టె గొళ్ళెం అతని వేళ్ళకి లొంగలేదు. రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయాడు. త్రిమూర్తులు వంగి తీసిపెట్టాడు.

"అమ్మేస్తున్నావా?"

"లేదు. తెలిసినవాడొకడికి నేర్పుదామని. చెప్తే వాడు చేస్తాడు."

"ఇక్కడే నేర్పొచ్చు కదా."

చిట్టియ్య షెడ్డు లోపలికి చూశాడు. కారు నిలిపిన చోట నేల ఇంకా నల్లగా ఉంది. "వద్దులే బావా" అన్నాడు. పెట్టెని ఆటోడ్రైవరు ఎత్తి లోపల పెట్టాడు. ఆటో మలుపు తిరిగేదాకా త్రిమూర్తులు అక్కడే నిలబడ్డాడు.

కుడిచేతి ఆపరేషన్ కార్తీక మాసం చివర్లో అయింది. ఏ రోజో వీరవేణే చెప్పింది, రమ్మన్నారని మాత్రం చెప్పలేదు. త్రిమూర్తులు షెడ్డు మూసి పొద్దున ఏడింటికే ఆసుపత్రికి వెళ్ళి, ఆపరేషన్ గదికి దూరంగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. పాపాయి అటూ ఇటూ తిరుగుతూ రెండుసార్లు అతన్ని చూసింది. పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. పదకొండు దాటాక నర్సు బయటికొచ్చి మందుల చీటీ ఇచ్చింది. పాపాయి దాన్ని పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, బెంచీ దాకా నడిచొచ్చి అన్న చేతిలో పెట్టింది.

"కింద షాపులో దొరుకుతాయంట. తొందరగా తీసుకురా" అంది.

అతను లేచి మెట్లు దిగాడు.